భోంచేశారా, మేడమ్?

"సుస్మితా, ఒక్కసారి కిందికి రామ్మా! మీ బాబాయ్ గారిని ఫోన్లో అరెస్టు చేశారు!"

భవానీపురంలో ఆ ఇంటి మేడమీద గదిలో అద్దెకుంటున్న సుస్మిత, ఇంటావిడ వెంకటరావమ్మ కేక వినగానే పుస్తకం పడేసి రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తింది. నేరాలకు ఎవరు బలవుతారు, ఎందుకు బలవుతారు అన్నదే ఆమె పీహెచ్‌డీ. మూడేళ్లుగా అలాంటివాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతోంది. ఇవాళ ఆ పీడ తానుంటున్న ఇంటికే వచ్చింది.

ముందుగదిలో ఆవిడ భర్త సాంబమూర్తి గారు బల్ల ముందు నిటారుగా కూర్చున్నారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఎదురుగా చెంబుకు ఆనించిన ఫోన్లో ఖాకీ బట్టలతో ఒకమ్మాయి. "అలాగే మేడమ్, కదలను మేడమ్," అంటున్నారాయన.

వెంకటరావమ్మ సుస్మిత చెవి దగ్గర గొణిగింది.

"గంట నుంచీ ఇదే వరస. మొదట నేనూ విన్నా. ఈయన పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందంట. కొట్టు అమ్మిన డబ్బంతా వాళ్ల ఖాతాలో వేస్తే, లెక్క చూసి తిరిగిస్తారంట. ఆ తర్వాత ఆ తీగలు చెవుల్లో పెట్టుకోమన్నారు. మాకున్నదే ఆ డబ్బు తల్లీ, దాని వడ్డీతోనే ఇల్లు గడుస్తోంది."

సుస్మిత కెమెరాకు కనపడకుండా గోడవారన నిలబడి, ఫోన్ కట్ చేయమని సైగ చేసింది. ఆయన చూడనట్టే ఉన్నారు. 'ఇది మోసం. పెట్టేయండి' అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బల్ల అంచుకు తోసింది. ఆయన ఓరకంట చదివి, కాగితం తిరగేసి, పెన్ను అందుకున్నారు.

"ఇందాకట్నుంచి అరుస్తా ఉన్నారు, గొంతెండిపోయుంటది. భోంచేశారా మేడమ్?" అన్నారు ఫోన్‌తో.

వెంకటరావమ్మ నెత్తి కొట్టుకుంది. కొట్టు పెట్టకముందు దివిసీమ ఊళ్లన్నీ తిరిగి నేత చీరలు అమ్మిన మనిషాయన. ఎవరు ఎదురుపడినా ఆ మాట అడక్కుండా ఉండలేరు. అరెస్టు చేయడానికి వచ్చినవాళ్లనైనా సరే!

సుస్మితకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన మీద ఎక్కడలేని గౌరవం కలిగింది. మోసపోయినవాళ్లను లోకం తెలివితక్కువవాళ్లంటుంది. ఆమె కలిసినవాళ్లలో అలాంటివాళ్లు పెద్దగా లేరు. అందరూ ఈయనలాంటివాళ్లే, ఎదుటి మనిషిని మనిషిగా చూసేవాళ్లు. దొంగలు ఏరికోరి వెతికేదీ వాళ్లనే.

అవతల నుంచి ఏం సమాధానం వచ్చిందో గానీ, సాంబమూర్తి గారు ఒక్కసారి ముందుకు వంగారు. ఇయర్‌ఫోన్‌ను చెవిలోకి ఇంకాస్త నొక్కుకున్నారు.

"ఏ ఊరమ్మా మీది?"

చాలాసేపు వింటూ కూర్చున్నారు. కాసేపటికి కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "అయ్యో... చెప్పండి, రాసుకుంటున్నా. నంబరు మళ్లీ ఒకసారి చెప్పండి." కాగితం మీద అంకెలు పడుతున్నాయి.

ఖాతా నంబరు! అయిపోయింది, కళ్లముందే ఇద్దరు ముసలివాళ్లు వీధినపడబోతున్నారు. ఫోన్ లాగేద్దామని సుస్మిత చెయ్యి చాచింది. ఆయన బల్ల చాటునుంచి ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి అంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"రేపు పదింటికి బ్యాంకు తెరవంగానే మొత్తం పంపించేస్తా మేడమ్. ముసలాడు ఒప్పుకున్నాడని మీ పైవాళ్లకి గట్టిగా చెప్పండి."

ఫోన్ ఆగిపోయింది. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

"ఒక్క రూపాయి కూడా పంపనివ్వను బాబాయ్ గారూ," అంటూ సుస్మిత మేడమీదికెళ్లి లాప్‌టాప్ తెచ్చింది. సైబర్ పోలీసుల ఫిర్యాదు ఫారం తెరిచింది. 'బాధితుల పేరు' అన్నచోట సాంబమూర్తి అని కొట్టింది.

"నా పేరు తీసెయ్యమ్మా," అన్నారాయన.

"పరువు పోతుందనా? సిగ్గుపడాల్సింది వాళ్లు, మీరు కాదు."

"పరువు సంగతి కాదమ్మా. అది దొంగ ఫోనని అయిదు నిమిషాలకే అర్థమైంది నాకు." కాగితం ఆమె ముందుకు జరిపారు. "ఇదుగో, ఈ పేరు రాయి. శ్రీదుర్గ, ఇరవై నాలుగేళ్లు, ఊరు నాగాయలంక. కిందున్నది వాళ్ల నాన్న ఫోన్ నంబరు. కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి దేశం దాటించి, పాస్‌పోర్టు లాక్కుని గదిలో పడేశారంట. రోజుకి ఒకళ్లనన్నా మోసం చెయ్యకపోతే అన్నం పెట్టరంట. కొడతారంట."

వెంకటరావమ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. సుస్మిత ఆ కాగితాన్నీ ఆయననూ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

"ఈ అమ్మాయెవరు బాబాయ్ గారూ? ఈమె గొడవంతా మీకెలా తెలిసింది?"

"పక్కన నిలబడ్డ కాపలావాళ్లకి తెలుగు రాదంట, అందుకని నోరు విప్పగలిగింది. నేను ఒప్పుకున్నా కాబట్టి రేపు పదింటిదాకా ఆ పిల్ల ఒంటిమీద దెబ్బ పడదు. ఈలోపల పోలీసుల్ని కదిలించు." సాంబమూర్తి గారు లాప్‌టాప్‌ను ఆమె దగ్గరికి జరిపారు. "అరుపుల మాటున ఏడుపు వినబట్టే ఇంతసేపూ ఫోన్ పెట్టెయ్యలేదు. ఖాకీ బట్టలు తొడిగి నన్ను అరెస్టు చేయించింది ఆ పిల్లచేతనే తల్లీ."