బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి నాన్న కారు

సముద్రం దాటి వచ్చిన ఆ కారులో అసలువి అంటూ మిగిలినవి స్టీరింగు, ముందు జాలీ, నంబరు చెక్కిన రేకు ముక్క. తక్కినదంతా ఓడలోనే రాలిపోయింది. రాలినదాన్ని షెడ్డు మేస్త్రి, అతని బావమరిది కలిసి మళ్లీ పుట్టించారు. ఛాసిస్ ఒక వ్యానుది. ఇంజను సామాన్లు మోసే బండిది. బాడీ అయితే అచ్చంగా బావమరిది సుత్తి దెబ్బల్లోంచి ఊడిపడింది.

అప్పుడే పుట్టిన బిడ్డకి ముసలితనం తెప్పించడం మాటలా? రేకుకి ఉప్పునీళ్లు తాగించి తుప్పు పట్టించారు. సీట్లకి టీ డికాక్షన్ పూసి ఎండబెట్టారు. అదీ చాలదని బావమరిది వెనక తలుపు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, "సొట్ట లేని ముసలి బండి ఎక్కడుంటుంది బావా" అన్నాడు.

ఇంత తిప్పలు ఎందుకంటే రూలు అలాంటిది. యాభై ఏళ్లు దాటిన బండి పుట్టినప్పటి ఛాసిస్‌తో, బాడీతో, ఇంజనుతో ఉంటే పాతకాలపు బండి అని సుంకం లేకుండా నంబరు ఇస్తారు. ఆ నంబరు పడితే ఎగబడి కొనే షావుకార్లున్నారు. ఏదైనా మారిస్తే మాత్రం ఆ మర్యాద దక్కదు. మార్చి కూడా మార్చలేదని బుకాయించి దొరికిపోతే బండి తుక్కులోకి పోతుంది, షెడ్డుకి తాళం పడుతుంది. రెండు కాపురాలకీ ఆ షెడ్డే ఆధారం. అందుకే నంబరు ఇచ్చే ముందు తనిఖీకి వచ్చిన బ్రేకు ఇన్‌స్పెక్టరు గుమ్మంలో కనబడగానే మేస్త్రి రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు భూతద్దం పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. గోనెపట్టా పరిపించుకుని బండి కింద దూరాడు. నంబరు రేకుని గోటితో గీకాడు. చివరికి సీటు వాసన కూడా చూశాడు. వెంట వచ్చిన గుమాస్తా స్టూలు మీద కూర్చుని ఆవులిస్తున్నాడు. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు కాబోలు, ఇన్‌స్పెక్టరు భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

మేస్త్రి ఊపిరి వదలబోయాడు. అంతలో ఇన్‌స్పెక్టరు వెనక తలుపు దగ్గర ఆగిపోయి, సొట్టని అరచేత్తో నిమిరాడు.

"మేస్త్రీ, ఇది మా నాన్న కారు."

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అవతలి దేశంలో ఉద్యోగం చేసేటప్పుడు నాన్న దీన్నే నడిపేవాడు. బంతి కోసం పరిగెత్తి నేను తలతో గుద్దితే పడిన సొట్ట ఇది. నాన్న తలుపుకి ఏమైందో చూశాకే నా తల సంగతి చూశాడు."

బావమరిది నవ్వు ఆగక దగ్గు తెచ్చుకున్నాడు. మేస్త్రికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తనిఖీకి వచ్చినవాడే తనంతట తాను చుట్టరికం కలుపుకుంటుంటే కాదనడానికి అతనికేం పట్టింది?

"మేమూ అనుకున్నాం సార్, ఎవరో చంటివాడి తల అయ్యుంటుందని. అందుకే దాన్ని ముట్టుకోలేదు."

"వెనక సీట్లో చుట్ట కాలిన మచ్చ ఉండాలే."

"ఎందుకు లేదు సార్, ఇదిగో." వెల్డింగు చేస్తుంటే నిప్పురవ్వ పడి కాలిన చోటు చూపించాడు బావమరిది. "నాన్నగారు చుట్ట గట్టిగానే పీల్చేవారనుకుంటా."

"గట్టిగానే పీల్చేవాడు." ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకున్నాడు. "మీరు ఇందులో ఏమీ మార్చలేదు కదా?"

"ఒట్టు సార్, బోల్టు కూడా మార్చలేదు. నాన్నగారు దిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

"ఆయన దిగలేదు మేస్త్రీ. కత్తి చూపించి దింపారు." ఇన్‌స్పెక్టరు గొంతులో తడి ఇంకిపోయింది. "కారు పోయిన దిగులుతోనే ఆయన గుండె ఆగింది. కేసు ఇప్పటికీ మూయలేదు. దొంగసొత్తు ఎవరి దగ్గర దొరికితే వాళ్లే జవాబు చెప్పుకోవాలి. బోల్టు కూడా మారలేదని మీరే అంటున్నారు, ఇక ఇది వేరే కారు అనడానికీ లేదు." గుమాస్తా వైపు తిరిగాడు. "స్టేషనుకి ఫోను చెయ్యవయ్యా."

గుమాస్తా ఆవులింత మింగేసి ఫోను తీశాడు.

"చెప్పెయ్ బావా," అని బావమరిది మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు. "నువ్వు జైలుకి పోతే అక్క నన్ను బతకనివ్వదు."

షెడ్డు పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. పరాయి దేశపు దొంగతనం, పైన ఒక ప్రాణం, ఇవి నెత్తిన పడితే లేచేదెలా? మేస్త్రి చేతులు జోడించాడు.

"ఇది మీ నాన్నగారి కారు కాదు సార్. అసలు ఎవరి నాన్న కారూ కాదు. దీనికి అమ్మా నాన్నా మేమిద్దరమే."

"ఇప్పుడిలా అంటే నమ్మాలా?"

"కళ్లారా చూడండి సార్." మేస్త్రి గరుకు కాగితం అందుకుని తనే ఛాసిస్ మీద రుద్దాడు. రంగు కింద కొత్త అతుకు తళతళలాడింది. బావమరిది ఊరుకుంటాడా? బానెట్టు ఎత్తి ఇంజను ఏ బండిదో చూపించాడు. సుత్తి తెచ్చి సొట్టలో ఆనించి, ఎలా అతికినట్టు సరిపోయిందో చూడమన్నాడు. సీటు తడిగుడ్డతో తుడిచి గుడ్డకంటిన టీ రంగు చూపించాడు. నేరం రుజువు చెయ్యడానికి నేరస్థులే అలా పోటీలు పడడం ఆ షెడ్డులో అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా అన్నీ చూశాడు. భూతద్దం జేబులోంచి తియ్యనే లేదు. గుమాస్తా ఫోను చెవి దగ్గర పెట్టుకోలేదు, వాళ్లిద్దరికీ ఎదురుగా పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"చాలు. బండి తుక్కుకి పోతుంది. షెడ్డుకి తాళం ఈపూటే."

జైలు తప్పింది, అదే పదివేలు అనుకున్నాడు మేస్త్రి. అయినా తండ్రి పోయిన మనిషిని ఉత్తపుణ్యానికి ఆశపెట్టామే అని మనసు పీకింది.

"బాధపడకండి సార్. మీ నాన్నగారి కారు ఎప్పటికైనా దొరుకుతుంది."

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"మా నాన్నకి ఇప్పటికీ సైకిలు తొక్కడమే రాదు మేస్త్రీ."