ఫాదర్ గారి మాట

“ఆ పొట్లం తీసుకెళ్ళి పొయ్యిలో పడెయ్! మనం ఆర్.సి.ఎం. కథోలికులం. అది వాడితే పాపం!”

అల్లుడు ఇన్నయ్య అరుపుకి, అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన శౌరమ్మ అక్కడే ఆగిపోయింది.

లోపల ఆమె కూతురు తెరేజమ్మ నిరోధ్ పొట్లం గుప్పిట్లో బిగించి, గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

“డాక్టరమ్మ నీ ముందరే కదా చెప్పింది? నీ రోగం తగ్గిందాకా విడిగా పడుకోమంది, లేదంటే ఇదన్నా వాడమంది. నాకు అంటితే దిక్కెవరు?”

“డాక్టరమ్మకి మన మతం సంగతి ఏం తెలుసు? మొన్న ఆదివారం పూజలో ఫాదర్ గారు చెప్పలా, ఇట్టాంటివి వాడటం చావైన పాపమని, నరకానికే పోతామని? ఏం అత్తా, చెప్పలా?”

శౌరమ్మ “చెప్పారు” అంది.

“మరి విడిగా పడుకో” అంది తెరేజమ్మ.

“పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని మిరప కల్లంలో పడుకోవాలా? పెళ్ళినాడు ఏమని మాటిచ్చావే నువ్వు?”

చిలకలూరిపేట మిల్లు నుంచి బొంబాయికి పత్తి బేళ్ళ లారీ తోలే ఇన్నయ్య, దారిలో ఎక్కడో సుఖరోగం తగిలించుకుని వచ్చాడు. సూదులు ఇంకా సగం కూడా పూర్తి కాలేదు. శౌరమ్మ కళ్ళముందు అన్నీ ఒక్కసారే కనపడ్డాయి. కూతురి ఒంటినిండా పుళ్ళు, పుట్టబోయే బిడ్డకి చూపులేని కళ్ళు. పోనీ పొట్లం వాడనిద్దామంటే, చచ్చాక కూతురు నరకంలో కాలుతున్న మంటలు.

“నేనెళ్ళి ఫాదర్ గారినే అడిగొస్తా. ఆయన ఎట్టా అంటే అట్టా. సరేనా అల్లుడూ?”

“అడుగు, నాకేం భయం? ఆయనేమంటారో నాకు తెలీదా? నా పేరు మాత్రం ఎత్తబాక.”

“ఎత్తను. ఎవరిదో సంగతని అడుగుతా.”

మిరపకాయల తొడిమలు తీసి వచ్చిన చేతులు కూడా కడుక్కోకుండా, కొంగు బిగించుకుని చర్చి వైపు నడిచింది శౌరమ్మ. దారి పొడుగునా పెదాలు దేవమాతకి చేసే మంగళవార్త జపం చెబుతూనే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నడక మారింది. నేరుగా వచ్చి ఇన్నయ్య ఎదురుగా నిలబడింది.

“పొట్లం వాడకూడదంట.”

ఇన్నయ్య తొడ చరిచాడు. “నేను చెప్పలా!”

“ఆగవయ్యా, ఇంకా అవలా. తెలిసి తెలిసి పెళ్ళానికి రోగం అంటించడం అంతకన్నా పెద్ద పాపమంట. చంపొద్దన్న ఐదో ఆజ్ఞ మీరినట్టేనంట. చంపడంతో సమానమంట. డాక్టరమ్మ తగ్గిందన్నదాకా మగాడు పెళ్ళాం పక్క తొక్కకూడదంట. కాదని తొక్కితే పూజలో సత్ప్రసాదం ఇవ్వరంట. అందరూ చూస్తుండగానే వరసలోంచి పక్కకి నిలబెడతారంట.”

ఇన్నయ్య మొహం మాడిపోయింది. “అంత మాట అన్నారా? నేనే వెళ్ళి అడుగుతా.”

“వెళ్ళు నాయనా, ఎవరొద్దన్నారు? ఎవరి సంగతని అడుగుతావో మాత్రం ముందే ఆలోచించుకుని వెళ్ళు.”

ఇన్నయ్య గడపదాకా వెళ్ళి ఆగాడు. బయటికి చూశాడు, అత్త వంక చూశాడు. రేపు ఆదివారం చర్చిలో తనని పక్కకి నిలబెట్టినట్టూ, మిల్లు దగ్గర హమాలీలు కూడా నవ్వినట్టూ తోచిందేమో, దుప్పటీ తలగడా చంకన పెట్టుకుని కల్లం దారి పట్టాడు.

తెరేజమ్మ తల్లిని గట్టిగా వాటేసుకుంది. “ఫాదర్ గారు ఎంత చల్లని మాట చెప్పారమ్మా! రేపు పూజకెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటా.”

శౌరమ్మ కూతురి తల నిమరబోయి, చేతులకున్న కారం గుర్తొచ్చి ఆగింది. ఈ మధ్యకాలంలో ఎన్నడూ లేనంత నిబ్బరంగా ఉంది ఆమె గొంతు.

“ముందు ఆ తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూడవే. ఫాదర్ గారు నిన్ననగా గుంటూరు వెళ్ళారంట, ఆయన రాగానే ఈ అబద్ధాన్ని ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోవాల్సింది నేనే!”