పెట్టెలో ఆఖరి ఈగ

"రెక్కలున్న ఈగే కావాలి తాతా. లేనివి మా ల్యాబులో సీసాల నిండా ఉన్నాయి," అంది మెరియానా, తడిసిన వలని తలుపు పక్కన ఆనిస్తూ.

మర్డో కెటిల్ దించి రెండు కప్పుల్లో టీ పోశాడు. పొద్దుటి నుంచీ ఈ పిల్ల మోకాలిలోతు చన్నీళ్ళలో నిలబడి రాళ్ళు తిరగేస్తూంటే వంటగది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ వాగులో మనిషి దిగడం చూసి చాలా ఏళ్ళయింది. ఉండబట్టలేక తనే లోపలికి పిలిచాడు.

"దొరకదమ్మాయ్. మా పెళ్ళైన కొత్తలో వేసవి సాయంత్రం దీపం పెడితే చాలు, కిటికీ నిండా వాగు రాళ్ళలోంచి లేచొచ్చే ఆ రెక్కల రాతి ఈగలే. సూప్‌లో పడేవి. మా ఇష్బెల్ తిట్టుకుంటూ గరిటెతో తీసేది. తర్వాత కొండమీద చెట్లన్నీ కొట్టేశారు. ఏటేటా తగ్గిపోయాయి. ఇష్బెల్ పోయిన ఏడాదే అవీ పోయాయి."

"మరే! చెట్లు పోతే గాలికి అడ్డేముంది? రెక్కలున్నవి కొట్టుకుపోయాయి, లేనివి రాళ్ళకింద బతికిపోయాయి. వీటి జన్యువులన్నీ చదివేశాం. పాత రెక్కల ఈగది పక్కన పెట్టి చూస్తేగానీ ఏది మారిందో తెలీదు. బతికున్నదే అక్కర్లేదు, ఎండిపోయినదైనా సరే. ఒక్క కాలు చాలు."

"మ్యూజియంలో ఉండదూ?"

"ఉండేది. దాన్ని వేరే పురుగులు తినేశాయి."

మర్డోకి నవ్వొచ్చింది గానీ, ఆ పిల్ల మొహం చూసి ఆపుకున్నాడు.

"దొరక్కపోతే ఏమవుతుంది?"

"ఈ వేసవితో మా పని మూసేస్తారు. ఇక ఈ వాగులో అలాంటి ఈగ ఉండేదని చెప్పేవాళ్ళే ఉండరు, మీ తర్వాత." అనేసి నాలిక కరుచుకుంది.

"పర్లేదులే, ఉన్నమాటేగా," అంటూ మర్డో లేచి, అలమరలోంచి ఒక రేకు పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు. మూత తీశాడు. లోపల బెరడుకి గుచ్చి వరసలుగా ఈగలు. చాలావాటి ఈకలు ఊడిపోయి, రంగులు వెలిసిపోయి ఉన్నాయి.

"గాలానికి ట్రౌట్ చేపల్ని మోసం చెయ్యడానికి మా ఆవిడ కట్టిన దొంగ ఈగలు. పుంజు ఈకలు, కుందేలు బొచ్చు, పట్టుదారం, ఓ గాలపు ముల్లు. అంతే సరుకు. ఎదురుగా అసలు ఈగని పెట్టుకుని, చూస్తూ కట్టేది. కట్టాక రెండూ పక్కపక్కన గుచ్చి నన్ను పిలిచేది. ముట్టుకోకూడదు, చూసి చెప్పాలి. 'ఏది దొంగదో చెప్పు మొద్దూ' అనేది."

"చెప్పేవారా?"

"ఒక్కసారి గెలిస్తే ఒట్టు! ఓడినవాళ్ళు అంట్లు తోమాలని పందెం. అది తేలగానే ఆవిడ అసలు ఈగని కిటికీలోంచి పారేసేది. కాపురమంతా ఈ ఇంట్లో అంట్లు నేనే తోమాను. ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని, గిన్నె అడుగు సరిగ్గా రుద్దలేదని వంకలు పెట్టేది."

మెరియానా పకపకా నవ్వింది. మర్డో ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఇప్పుడు తోమేవి ఒక కప్పూ ఒక పళ్ళెమూ. వంకలు పెట్టేవాళ్ళు లేరు. అంట్లు తోమడం అంత ఇష్టమైన పనని అప్పట్లో తెలియలేదు.

"ఈ మూలనున్నది కొత్తగా ఉందే!"

"అది ఆఖరిది. ఆసుపత్రికి వెళ్ళేముందు గుచ్చింది. 'మిగతావాటితో నీ ఇష్టం, దీన్ని మాత్రం తడపకు, ముట్టుకోకు' అంది. అక్కడ మంచం మీద కూడా అదే ధ్యాస. 'ఆఖరిది చూశావా, ఎలా ఉంది?' అనడిగింది. 'అచ్చం ప్రాణమున్నట్టే ఉంది, ఇంత బాగా ఎప్పుడూ కట్టలేదు నువ్వు' అన్నాను. ఎంత నవ్విందనుకున్నావ్! నర్సు పరుగెత్తుకొచ్చింది."

మర్డో విన్న ఆఖరి నవ్వు అదే. పొగడ్తకి అంతలా పొంగిపోయే మనిషి కాదే అని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. గాలి కిటికీని తోసింది. అతను పెట్టెని మెల్లగా ఆ పిల్ల వైపు జరిపాడు.

"ఆ ఈగని వెతుక్కుంటూ ఈ గుమ్మం తొక్కినదానివి నువ్వొక్కదానివే. అసలుది ఎలాగూ లేదు. పోనీ ఈ ఆఖరిదాన్ని తీసుకెళ్ళు. ఇలా ఉండేదని మీవాళ్ళకి చూపించు." చెక్కుచెదరకుండా మిగిలిన ఇష్బెల్ చేతిపని అదొక్కటే.

"అయ్యో, వద్దు తాతా!"

"ఇస్తానన్నాక ఇచ్చినట్టే. జాగ్రత్త, ముల్లు గుచ్చుకుంటుంది."

మెరియానా పట్టకారుతో దాన్ని బెరడులోంచి మెల్లగా పైకి లాగింది. లాగి, కింది వైపుకి తిప్పింది. జేబులోంచి భూతద్దం తీసి చూసింది.

"తాతా... దీనికి గాలపు ముల్లు లేదు. ఉత్త గుండుసూదే."

మర్డో భూతద్దం అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. "గెలిచావే, మళ్ళీ గెలిచావే" అని ఆ ఖాళీ కుర్చీతో అని, టీ కప్పులు రెండూ తీసుకుని, చొక్కా చేతులు మడుచుకుంటూ సింకు దగ్గరికి నడిచాడు.

ఆఖరిది ఇష్బెల్ కట్టిన ఈగ కాదు, పట్టిన ఈగ.