వెనక గదికి సిగ్నల్

“ఈడిదాంక ఫుల్లు వస్తాంది. గీ గడప దాటితే సున్నా,” అన్నాడు వైఫై మనిషి, చేతిలో ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి.

“సున్నా అంటే ఎట్ల? నాకు గావాల్సిందే వెనక బెడ్రూంల,” అన్నాడు బాలరాజు. “ఆడ కెమెరా పెడుతున్న. డ్యూటీల ఉన్నా నా ఫోన్‌ల కనవడాలె.”

దేవరయాంజాల్‌లోని ఆ ఇల్లు రైలు డబ్బాలా పొడుగు. ముందు గది, వంటిల్లు, సామాన్ల గది, అన్నిటికీ చివర ఆ పడకగది. గోడలు రాతివి. ముందు అరిస్తే వెనక్కి వినపడదు. వెనక ఏడిస్తే ముందుకు అసలే వినపడదు. ఈ రెండో సంగతి అతని భార్య దుర్గాబాయికి బాగా తెలుసు.

బాలరాజు గుండ్లపోచంపల్లి గోదాములో సూపర్‌వైజర్. అక్కడి సరుకు మీదకన్నా పెళ్లాం మీదే అతని కాపలా ఎక్కువ. ప్రేమించి, ఎవరికీ చెప్పకుండా గుళ్లో తాళి కట్టిన మహానుభావుడు, నెల తిరక్కముందే ఆమె ఫోను లాక్కున్నాడు. పుట్టింటి గడప తను తొక్కలేదు, ఆమెను తొక్కనివ్వలేదు. ఈమధ్య డ్యూటీకి పోతూ ఆమెను వెనక గదిలో పెట్టి తాళం వేస్తున్నాడు. ఇక కెమెరా కూడా వస్తే ఏడవడానికి కూడా చాటుండదు.

“నిన్న ఫోన్‌ల మాట్లాడినోడివి నువ్వు గాదు గదా?” బాలరాజు అనుమానంగా చూశాడు.

“గాయనకు జరమొచ్చింది సార్. నన్ను పొమ్మన్నడు.”

దుర్గాబాయి నీళ్లు తెచ్చింది. వచ్చినతని మొహం చూస్తూ గ్లాసు ఒంచేసింది, సగం నేలపాలయ్యాయి.

“ఏందే, మనిషిని ఎన్నడు జూడలేదా?” కసిరాడు బాలరాజు. “మొగోడు ఎవడొచ్చినా అన్నా అని పిలువుమన్ననా లేదా?”

“నీళ్లు తీస్కో... అన్నా.” ఆమె గ్లాసు చాచింది.

అతను తలెత్తకుండా తాగి గ్లాసు ఇచ్చేశాడు.

“గీ గోడలకు సిగ్నల్ దాటది సార్. వెనక గదిల ఇంకో డబ్బా పెట్టాలె. దానికి బయట గోడ పొంటి వైరు గుంజాలె. వెనక తలుపు తియ్యుండ్రి.”

బాలరాజు మొహం ముడుచుకుంది. ఆ తలుపు సందులోకి తెరుచుకుంటుంది. దాని తాళంచెవి ఎప్పుడూ అతని జేబులోనే.

“కిటికీలకెల్లి తే.”

“కిటికీకి జాలీ కొట్టిపిచ్చిండ్రు గద సార్. వద్దంటే చెప్పుండ్రి, పోత. కెమెరా మాత్రం నడువది.”

బాలరాజు కాసేపు నసిగి, తాళంచెవి తీసి ఇచ్చాడు.

“నేను గూడ వస్త పా.”

“మీరు ముందు గదిల వైఫై డబ్బా కాడనే ఉండాలె. ఆడ వైరు కలపంగనే గీ డబ్బా మీద పచ్చ లైటు ఎర్రగైతది. ఎర్రగైతే నాకు ఫోన్ జెయ్యుండ్రి. దాని మీదికెల్లి కన్ను తియ్యొద్దు. ఆడ టార్చి వట్టెటందుకు ఒకరు గావాలె.”

“పోయి పట్టు,” అన్నాడు బాలరాజు పెళ్లాంతో. అన్నా అని పిలిపించాక అతనికదో ధీమా.

వెనక గది చీకటిగా ఉంది. టార్చి వెలుతురు గోడ మీద గడగడలాడుతోంది. తాళం తుప్పు పట్టి ఓ పట్టాన తిరగలేదు. అంతలో అతని ఫోను మోగింది. దుర్గాబాయి వెనక్కి తిరిగి వంటింటి వైపు చూసింది.

“ఇంక పచ్చగనే ఉన్నది!” అవతల బాలరాజు.

“గట్లనే చూస్తుండుండ్రి సార్. అయిపాయె.”

తాళం ఊడింది. తలుపు కిర్రుమంది. సందులోని ఎండ కళ్లల్లో కొట్టింది. దుర్గాబాయి అడుగు వేయలేక గోడకు అతుక్కుపోయింది. అతను టార్చి ఆమె చేతిలోంచి తీసుకుని ఆర్పేశాడు.

“భయపడకు చెల్లె, మన అమ్మ ఆటోల కూసున్నది.”