తాడు చివరి ముడి

“నువ్వు చివర్న పట్టుకో. ఎన్నిసార్లు చెప్పాలి?” టీచరు గద్దించింది.

నాలుగేళ్ల పిచ్చుక తాడు చివరి ముడి పట్టుకుంది. ముడికొకరు చొప్పున పన్నెండు మంది పిల్లలు పార్కులోకి నడిచారు. ఆకులు ఏరడం, పురుగుల్ని చూడడం, మట్టి తవ్వడం ఆ రోజు పాఠం.

ఇలా బయటికి వెళ్లినప్పుడల్లా ఒక తల్లి తోడు రావాలి. తిరిగొచ్చాక చూసింది చూసినట్టు పుస్తకంలో రాయాలి. ఆ రోజు వంతు, వారం కిందటే బడిలో చేరిన కళ్లజోడు బుడ్డోడి తల్లిది. పక్షపాతం చూపిస్తోందని టీచరు మీద కిందటి నెల ఎవరో రాశారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఉద్యోగం ఊడుతుందని హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పింది. ఆ మాట బుడ్డోడి తల్లి చెవినా పడింది.

అందుకే ఆవిడ కళ్లు టీచరు మీదే ఉన్నాయి.

చిన్న కాలువ దాటేటప్పుడు అందరికీ చెయ్యందించిన టీచరు, పిచ్చుక వంతు వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“దూకు.”

పిల్ల దూకింది. మోకాలు చెక్కుకుపోయింది. ఏడుపు దిగమింగుకుంది. వెంట వచ్చిన బడి ఆయా తుడిచింది. కళ్లజోడు బుడ్డోడికి ముల్లు గుచ్చుకుంటే మాత్రం టీచరే ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసింది.

చెట్టు మొదట్లో పిచ్చుకకు చెక్కుచెదరని నత్తగుల్ల దొరికింది.

“టీచర్, చూడండి!”

“సరే, సంచిలో వెయ్యి.”

ఇంకెవరో తెచ్చిన ఎండుటాకుకేమో అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

ఇక బుడ్డోడి తల్లి ఆగలేకపోయింది.

“ఆ పిల్ల మీద ఏంటండీ అంత కక్ష? మీకేం పాపం చేసింది?”

“నా క్లాసు నేను చూసుకుంటాను.”

“చూస్తున్నాగా, మీరు చూసుకునే తీరు! వాళ్లమ్మకి తెలిస్తే ఊరుకుంటుందా?”

“ఆవిడకి తెలుసు.”

“తెలిసీ నోరు మూసుకుందా? అదేం తల్లి!”

టీచరు మొహం తిప్పుకుంది. “రాసుకోండి. పుస్తకం మీ చేతిలోనే ఉందిగా.”

“రాయక! నీలాంటిదాన్ని పసిపిల్లల మధ్య ఉంచడమే తప్పు.”

బడికి తిరిగొచ్చాక ఆవిడ పేజీ నిండా రాసింది. సంతకం చేసి, పుస్తకం తీసుకెళ్లి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పెట్టింది. అయినా కడుపుమంట చల్లారలేదు. పిచ్చుక తల్లెవరో చూసి కడిగిపారేద్దామని, కొడుకు చెయ్యి పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది.

గంట కొట్టారు. ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకెళ్లారు. పిచ్చుక కోసం ఎవరూ రాలేదు.

మెట్ల మీద కూర్చున్న పిల్ల లేచి, తలుపులు మూస్తున్న టీచరు చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది: “బడి అయిపోయిందిగా, ఇప్పుడు అమ్మా అని పిలవొచ్చా?”