రెండోది రాకూడదు

"మొదటి గుండెపోటు చెప్పకుండా వచ్చింది. రెండోది మనం పిలిస్తే వస్తుంది. పిలవకండి."

డిశ్చార్జి రోజున డాక్టర్ యశస్విని అన్న మాటలివి. ఉప్పు, నూనె తగ్గాలి. రోజూ కాస్త నడవాలి. ఒక్క మాత్ర కూడా మానకూడదు. అన్నిటికీ మించి విశ్రాంతి కావాలి. ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ కంటికి రెప్పలా కాచుకోవాలి. ఏమరితే, ఈసారి దవాఖాన దాకా వచ్చే టైము కూడా దొరక్కపోవచ్చు.

మహేందర్ ఆ మాటల్ని తేలిగ్గా తీసుకోలేదు. మాదాపూర్‌లో పెద్ద కంపెనీకి డెలివరీ మేనేజర్ అతను. ఏ పని నెత్తినేసుకున్నా గడువులోగా చేసి చూపించే మనిషి. గోపన్‌పల్లిలోని ఫ్లాటుకు చేరగానే వంటింట్లోకి వెళ్లి, మామిడికాయ తొక్కు జాడీ, అప్పడాల డబ్బా తీసి పనిమనిషి చేతిలో పెట్టేశాడు.

"ఇయ్యాల్టి నుంచి ఈ ఇంట్ల గుండె చెప్పిందే మాట," అన్నాడు.

"మరి వంట?" అడిగింది భార్య సంధ్య.

"అంత ఉడకబెట్టుడే. నీ ఫోన్‌కు పంపిన, చూడు."

సంధ్య చూసింది. ఆ మర్నాటి నుంచి ఇంకా ముందే లేవడం మొదలుపెట్టింది. అతనికి మెంతి నీళ్లు, ఉప్పులేని ఓట్స్, ఉడికించిన కూరగాయలు. ఓట్స్ అంటే ముఖం తిప్పుకునే అత్తగారికి విడిగా అన్నం, పప్పుచారు. మిగిలింది సంధ్యకు.

అత్తగారు పార్వతమ్మ కొడుకు పళ్లెం పక్కనే కాపలా కూర్చునేది.

"ఎంత చిక్కిపోయిండే నా కొడుకు! వాని గుండె చిన్నప్పటి సంది మెత్తనిది. వానికి ఫికర్ పెట్టకు."

"నేనేం ఫికర్ పెట్టిన అత్తమ్మా?"

"ఇప్పటిదాంక పెట్టింది చాలు."

పలకరించడానికి అపార్ట్‌మెంటు వాళ్లంతా యాపిల్ పళ్లూ కొబ్బరి బోండాలూ పట్టుకుని వచ్చారు. మహేందర్ సోఫాలో వెనక్కి వాలి, ఛాతీ మీద చెయ్యేసుకుని జరిగిందంతా చెప్పేవాడు.

"పొద్దుగాల్నే అన్నా. ఛాతీల బరువు, ఒళ్లంత చెమటలు. గ్యాసనుకున్నం. జర లేటయితే మనిషి దక్కకపోతుండె అన్నరు. యాదికొస్తె ఇప్పటికీ నా చేతులు వణుకుతయి, చూడు."

వచ్చినవాళ్లు చూసేవారు. నిజంగానే వణికేవి. ఈలోపు సంధ్య టీ కప్పులు తెచ్చేది.

"అన్న సగమయిండు చెల్లె. మంచిగ చూస్కో," అని చెప్పి లేచేవారు.

ఆఫీసులో ఇంకా ఘనంగా జరిగింది. ఉద్యోగుల ఆరోగ్యం చూసే రసజ్ఞ అందరినీ హాల్లోకి పిలిచింది.

"ఇంత జరిగినా రెండో వారమే లాప్‌టాప్ తీసుకుని వచ్చేశారు మన మహేందర్ సార్! క్లాప్స్ ప్లీజ్!"

చప్పట్లు మోగాయి. కంపెనీవారి గుండె సంరక్షణ పథకం కింద ఒక స్మార్ట్ వాచీ, ఫోన్లో సలహాలిచ్చే డైటీషియన్, ఇంటికొచ్చే యోగా మాస్టరు, కాళ్లు పిసికే మెషీను మంజూరయ్యాయి.

మహేందర్ మొహమాటంగా అడిగాడు. "మా సంధ్యకు గూడ ఒక వాచీ ఇస్తరా?"

"సారీ సార్. పాలసీలో ఎంప్లాయీ గుండె ఒక్కటే కవర్ అవుతుంది."

రోజూ సాయంత్రం అతను అపార్ట్‌మెంటు చుట్టూ నడిచేవాడు. వాచీ శభాష్ అనేది. నడక పూర్తయ్యేసరికి కింద బెంచీ దగ్గరికి ఉప్పులేని మజ్జిగ రావాలి. అది డైటీషియన్ మాట.

ఒకరోజు లిఫ్టు ఆగిపోయింది. మజ్జిగ ఇచ్చి మెట్లెక్కుతున్న సంధ్య మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోయింది. వెనకే వస్తున్న మహేందర్ తన వాచీ ఆమె ముఖం ముందు పెట్టాడు.

"నా పల్స్ చూడు, గడియారం లెక్క కొట్టుకుంటున్నది. నువ్వేమో నాలుగు మెట్లకే ఆయాసపడ్తున్నవ్. నాతోని నడువ్ అంటె ఇనవైతివి."

"నేను నడిస్తె కుక్కర్ ఎవరు దించుతరు?"

"ఇగో, గిట్ల ఎదురు జవాబులిచ్చి నా బీపీ పెంచకు."

సంధ్య గోడ పట్టుకునే పై మెట్టెక్కింది. మాట్లాడే ఊపిరి కూడా లేదు.

రివ్యూకు వెళ్లే రోజు వచ్చింది. మహేందర్ కొత్త చొక్కా వేసుకున్నాడు. పార్వతమ్మ కొడుక్కి దిష్టి తీసి పంపింది. ఫైలు, నీళ్ల సీసా, ఏసీ గదిలో చలేస్తుందేమోనని అతని స్వెటరు... అన్నీ సంచిలో వేసుకుని సంధ్య వెనకాల నడిచింది.

డాక్టర్ యశస్విని బల్ల పక్కన ఒకే ఒక స్టూలు ఉంది. మహేందర్ దాని మీద కూర్చుని ఫోన్ తెరిచాడు.

"మేడమ్, ఈ గ్రాఫ్ చూడున్రి. బరువు తగ్గిన. కొలెస్ట్రాల్ కాలేజీ పోరని లెక్కుంది. మా కంపెనీ హార్ట్ ర్యాంకుల్ల నేనే ఫస్టు!"

డాక్టర్ అన్నీ ఓపిగ్గా చూసింది.

"ఉప్పు?"

"పూర్తిగ బంద్."

"నడక?"

"ఒక్క రోజు తప్పలె."

"విశ్రాంతి?"

"దానికేం లోటు లేదు మేడమ్. మా సంధ్య నన్ను మంచినీళ్ల గ్లాసు గూడ ఎత్తనియ్యది."

మహేందర్ చొక్కా చెయ్యి పైకి మడిచి, బీపీ చూడమన్నట్టు బల్ల మీద చాపాడు.

డాక్టర్ బీపీ పట్టీ చేతిలోకి తీసుకుంది కానీ చుట్టలేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూసింది. అక్కడ సంధ్య సంచి మోస్తూ, గోడకు ఆనుకుని, కొంగుతో చెమట తుడుచుకుంటోంది.

"మహేందర్ గారూ, ముందు ఆ స్టూలు మీద నుంచి లేవండి, నేను స్టెంటు వేసింది ఆమె గుండెకు."