స్తంభం వెనక కవరు

ఖాళీ సిమెంటు నేల మీద మోకాళ్ళూని ఒక ముసలాయన పాలిథిన్ కవరు అంటిస్తున్నాడు. నాలుగు వైపులా టేపు, గాలి దూరకుండా.

హైటెక్ సిటీలో ఆ ఆఫీసు ఆరో అంతస్తు మొత్తానికి కార్పెట్ పరిచే పని మధుసూదన్‌ది. పాత చేపల వలలు కరిగించి తీసిన దారంతో చేసిన పలకలవి. పదేళ్ళు చెక్కుచెదరవని, వాసన రాదని సంతకం పెట్టిచ్చాడు. ప్రొద్దుటూరులో పొలం అమ్మి పెట్టిన కంపెనీకి ఇదే మొదటి పెద్ద పని. ఇది చెడిందంటే మళ్ళీ ఇంకో ఆఫీసు గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళుండరు.

"ఏం చేస్తాండావు పెద్దాయనా?"

"తడి చూస్తున్న సారూ. రేపటి దాంక ఈ కవరు తీయకుండ్రి. లోపట నీళ్ళు పట్టినయంటే నేల ఇంకా ఆరలేదన్నట్టు."

"సిమెంటు పోసి నెలైంది. ఎండి రాయి మాదిరుంది. తడి యాడిది?"

"వానలు పడ్డయి గద. పైన ఎండినా కడుపుల తడి ఉంటది. జిగురు పట్టది. నెల తిరగకముందే బూజు వాసన లేస్తది."

మధుసూదన్‌కు ఒళ్ళు మండింది. తెల్లారితే పని మొదలుపెట్టాలి, సోమవారానికి అప్పగించాలి. మధ్యలో ఈ పాఠాలొకటి. మాసిన చొక్కా చూసి, హౌస్‌కీపింగ్‌లో పని వెతుక్కుంటూ వచ్చాడనుకున్నాడు.

వంగి కవరు చర్రున పీకి, ఉండచుట్టి పారేశాడు.

"నాకే నేల పని నేర్పిస్తాండావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది. పని కావాలంటే కింద అడుగు, పో."

డెబ్బై ఏళ్ళాయనతో నలభై ఏళ్ళవాడు అనాల్సిన మాటేనా అది. అన్నాడు.

ముసలాయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"నీ కార్పెట్ మంచిది సారూ, పట్టి చూసిన. దానికి చెడ్డపేరు రావొద్దనే నా బాధ. వాసనొస్తే నేలనెవ్వరు తిట్టరు, కార్పెట్‌నే తిడ్తరు. ఇగ ఇసుంటిది ఎవ్వరూ కొనరు."

అంతే, లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు జిగురు డబ్బా మూత తీయబోతూ మేస్త్రీ కుమార్ పిలిచాడు.

"అన్నా, జర ఇటు రాండ్రి."

స్తంభం వెనక ఇంకో కవరుంది. అదీ ముసలాయన అంటించిందే. నిన్న ఎవరి కంటా పడలేదు. లోపలంతా నీటిబొట్లు.

మధుసూదన్ జిగురు పని ఆపించాడు.

ఆఫీసు మేనేజర్ సంధ్యను పిలిచి చూపించాడు. గడువు దాటుతుందని ముందు విసుక్కుంది గానీ, కవరు చూశాక మెత్తబడింది.

"ఇంత జాగ్రత్తగా పనిచేసేవాళ్ళను నేను చూడలేదండీ" అంది.

మధుసూదన్ కాదనలేదు.

మూడు వారాలు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు. కవరు పొడిగా వచ్చాకే పలకలు పరిచారు. ఆరు నెలలైనా వాసన లేదు, ఒక్క అంచు లేవలేదు. పక్క టవర్ వాళ్ళు చూసి, తమకూ అదే కావాలన్నారు.

ఆ మెప్పు మధుసూదన్‌కు మింగుడుపడలేదు. ముసలాయన కోసం హౌస్‌కీపింగ్ వాళ్ళనడిగాడు, సెక్యూరిటీనడిగాడు, మాదాపూర్ కూలీల అడ్డా మీద అడిగాడు. అందరూ ఎరగమన్నారు. ఆఫీసులో పెద్దవాళ్ళనడగాలని మాత్రం తట్టలేదు.

చివరికి సంధ్య దగ్గరే నోరు విప్పాడు.

"మేడమ్, ఆ కవరు అంటించింది నేను కాదు. ఎవరో పెద్దాయన. తిట్టి తరిమేసినా. దొరికితే కాళ్ళకు మొక్కి, మా దగ్గర పెద్ద మేస్త్రీగా పెట్టుకుందామని తిరుగుతాండా. తెల్ల మీసం, సన్నగా ఉంటాడు."

ఆ ఆనవాళ్ళు వినగానే సంధ్యకు ఎవరో తెలిసిపోయింది.

"ఐలయ్యగారు మేస్త్రీ కాదండీ" అంది మెల్లగా. "జీడిమెట్లలో ముప్పై ఏళ్ళు కార్పెట్ ఫ్యాక్టరీ నడిపారు. మా ఆర్డరొస్తే అది నిలబడుతుందని ఆశపడ్డారు. మేం మీకిచ్చేశాం. ఫ్యాక్టరీకి తాళం వేసి, తన శాంపిల్స్ వాపసు తీసుకెళ్ళడానికి వచ్చారు ఆరోజు."